కడప విమానము వచ్చె, పోయె, మళ్ళీ వచ్చె

పోయిన సారి మా తాత కాలం నాటి కందాయం రసీదుల గురించి రాసినాము. అది చదివి ఇద్దరు ముగ్గురు బంధువులు ఫోను చేసినారు. రసీదులు సరే, కమలాపురం పక్క ఇల్లు ఏమయింది, అమ్మేసినారా, ఉంచుకున్నారా అని అడిగినారు. ఆ ఇంటి సంగతి చెప్పాలంటే ముందు కడప విమానాశ్రయం సంగతి చెప్పాల. కడపకు విమానం ఆగిపోయినప్పుడల్లా మా ఇంట్లో ఆ ఇల్లు అమ్మే మాట లేచింది. విమానం మళ్ళీ వచ్చినప్పుడల్లా ఆ మాట పడుకునింది. 2015 నుంచి ఇదే కథ.

ఒక మాట ముందే చెప్పుకోవాల. మేము చదివింది కన్నడ మీడియం. స్కూల్లో మాకు నేర్పింది 'విమాన నిల్దాణ'. విమానాశ్రయం అనే మాట పెద్దయినాక తెలుగు పేపరు కూడబలుక్కుని చదివి నేర్చుకున్నాము. తప్పులుంటే సర్దుకోండి.

మా ఊరు కురుడుమలె, ముళబాగిలు తాలూకు. వినాయకుని గుడి చూడడానికి వచ్చే వాళ్ళకు ఊరి పేరు తెలుసు. ముళబాగిలు అంటే మూడల బాగిలు, తూర్పు వాకిలి. మైసూరు సీమకు తూర్పు దిక్కు తలుపు ఇదే అని మా సోషల్ మేష్ట్రు చెప్పేవారు. ఆ వాకిలి దాటితే నంగలి, పలమనేరు ఒక పక్క, పుంగనూరు, మదనపల్లె ఇంకో పక్క. మా పెద్దలు ఆ రెండో దారి వెంట కడప సీమ నుంచి వచ్చినోళ్ళే. అప్పుడు ఇది వేరే రాష్ట్రం కాదు. కడప సీమ కొన్నేళ్ళు హైదరాలీ, టిప్పుల చేతిలో ఉండింది. 1792 శ్రీరంగపట్నం సంధితో నిజాముకు పోయె, 1800లో నిజాము దాన్ని ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చేసె. కోలారు మైసూరులో నిలిచిపోయె. గీత వాళ్ళు గీసినారు గానీ పెళ్ళిళ్ళు మాత్రం ఈ పక్కకు ఆ పక్కకు జరుగుతానే ఉండినాయి. మా మేనత్తను, అంటే నాయన పెద్దక్కను, కమలాపురం పక్కనే ఇచ్చినారు. ఆ ఊళ్ళోనే మా తాతల నాటి ఇల్లు కూడా ఉంది. మామ పోయినాక అత్త ఆ ఇంటికే వచ్చి ఉండింది.

కురుడుమలె నుంచి ఆ ఇంటికి పుంగనూరు, మదనపల్లె, రాయచోటి, కడప మీదుగా రోడ్డున ఇంచుమించు 200 కిలోమీటర్లు. రైలు లేదు. కడప నుంచి రాయచోటి, మదనపల్లె, కోలారు జిల్లా మీదుగా బెంగళూరు దిక్కుకు 255 కిలోమీటర్ల కొత్త లైను 2008–09లో మంజూరయింది. పెండ్లిమర్రి దాకా పట్టాలు పడినాయి. అది కడప పొలిమేరలోనే అనుకోండి. రైలు రాని దారిలో విమానం వస్తాదని ఎవరనుకుంటారు? మా నాయన అనుకున్నాడు.

ఇక విమానాల చరిత్రకు వస్తాము. మన పక్క చిన్న విమానాశ్రయాలు చాలా వరకు రాజుల సరదాకో, యుద్ధానికో, ప్రభుత్వ అవసరానికో పుట్టినవి. టికెట్ కొనే జనం కోసం పుట్టినవి తక్కువ. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టినాడు, అదే తరువాత హెచ్ఏఎల్. ఆ రన్‌వే మీదే బెంగళూరు 2008 మే దాకా బతికింది. అదే 1940లో మైసూరు పక్కన మండకళ్ళిలో సంస్థానం ఒక విమానాశ్రయం కట్టింది. కడపది 1953 నాటిది. కట్టడం ఒక ఎత్తు, అక్కడికి రోజూ ఎవరో ఒకరు విమానం నడపడం ఇంకో ఎత్తు. ఈ రెండో పని కోసమే 1981లో వాయుదూత్ పుట్టింది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి చిన్న ఊళ్ళకు నడపడానికి పెట్టిన కంపెనీ అది. అడిగిన ఊరికల్లా విమానం పంపి, అప్పుల్లో మునిగి, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ పైన పదేళ్ళు చిన్న ఊళ్ళను పట్టించుకున్న వాళ్ళు లేరు.

2003లో మన గొరూరు కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలు పెట్టినాడు. మొదటి విమానం బెంగళూరు నుంచి హుబ్బళ్ళికి. అప్పుడు మేము హైస్కూలు. మా క్లాసులో ఒకడి మామ ఎక్కినాడంటే వారం రోజులు అదే ముచ్చట. డెక్కన్ కింగ్‌ఫిషర్‌లో కలిసె, కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగె.

మైసూరు సంగతి ఇక్కడ చెప్పాల, ఎందుకంటే కడపకు అది ముందే రాసి పెట్టిన పాఠం. మండకళ్ళిలో కొత్త టెర్మినల్ 2010 మేలో తెరిచినారు. అక్టోబరులో కింగ్‌ఫిషర్ బెంగళూరు–మైసూరు మొదలు పెట్టింది, ఏడాది దాటంగానే ఆపేసింది. 2013లో స్పైస్‌జెట్ వచ్చె, 2014లో పోయె. బెంగళూరు–మైసూరు రోడ్డున 145 కిలోమీటర్లు. దేవనహళ్ళి దాకా పోయి, గంటన్నర కూర్చుని, విమానమెక్కి మైసూరు చేరే లోపల బస్సోడు మైసూరులో కాఫీ తాగి తిరుగు ప్రయాణం పట్టి ఉంటాడు. రన్‌వే బాగుంది, టెర్మినల్ బాగుంది, ఎక్కాల్సిన మనిషి మాత్రం కేఎస్ఆర్టీసీలో ఉన్నాడు.

కడపకు వద్దాము. పాత రన్‌వేను రెండు వేల మీటర్ల దాకా పొడిగించి, కొత్త టెర్మినల్ కట్టి, 2015 జూన్ 7న తెరిచినారు. ఆ రోజు దిగింది బెంగళూరు నుంచి వచ్చిన ఎయిర్ పెగసస్. అది బెంగళూరు కంపెనీయే, ఆ ఏప్రిల్‌లోనే హుబ్బళ్ళికి నడపడం మొదలు పెట్టింది. ఉన్నవి రెండు మూడు ఏటీఆర్ 72లు. ఏటీఆర్ అంటే ప్రొపెల్లరుతో పోయే డెబ్బై సీట్ల విమానం. దూరం తక్కువైతే జెట్ కంటే దీనికి డీజిలు, అంటే విమానపు నూనె, చాలా తక్కువ పడతాది. పొట్టి రన్‌వే చాలు. చిన్న ఊరికి విమానం అంటే మన దేశంలో ఇంచుమించు ఏటీఆరే.

అప్పుడు మా ఇంట్లో జగడం నడుస్తా ఉండె. అత్తకు డెబ్బై దాటె, ఒంటరిగా ఉంది, కొడుకు హైదరాబాదులో. చిన్నాయన మాట ఏమంటే అక్కను కురుడుమలెకు తెచ్చుకుందాము, ఇల్లు అమ్మేద్దాము అని. అత్త రానంటే రానని కూర్చునింది. నాయన ఆమె పక్క. పేపర్లో కడప విమానం ఫోటో చూసి, "సూడు, విమానం వచ్చె. ఇంకేం భయం, ఎవరికి ఏమైనా గంటలో పోవచ్చు" అన్నాడు. చిన్నాయన, "అన్నా, నువ్వు విమానం ఎక్కింది ఎప్పుడు?" అన్నాడు. ఆ పంతానికే ఆ ఏడు నాయనను బెంగళూరు నుంచి కడపకు విమానంలో పిలుచుకుపోయినాము. ఆయనకు అదే మొదలు. ఏటీఆర్ రెక్కలు కిటికీ పైన ఉంటాయి, కింద నేల బాగా కనిపిస్తాది. కురుడుమలె కొండ ఎక్కడ, ఎక్కడ అని అడుగుతానే ఉండినాడు. అది ఈ దారిలో రాదు నాయనా అంటే నమ్మలేదు.

అత్త ఇంటికి చేరినాక మేము గడియారం చూసుకున్నాము. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా పని, ఏదైనా బాగుందంటే కొలిచి చూడందే నిద్ర పట్టదు. కురుడుమలె నుంచి దేవనహళ్ళికి రెండున్నర గంటలు. అక్కడ గంటన్నర. ఆకాశంలో గంట లోపల. దిగి, ఆటో మాట్లాడుకుని ఊరు చేరే దానికి ఇంకో ముక్కాలు గంట. మొత్తం ఐదున్నర పైనే. కారులో నేరుగా పోతే ఐదు. తూర్పు వాకిట్లో ఉన్న మేము తూర్పుకు పోవడానికి పడమరకు వంద కిలోమీటర్లు పోయి ఎక్కినాము. రెండు విమానాశ్రయాల మధ్య నేరుగా గీత గీస్తే 185 కిలోమీటర్లు దాటదు. ఇది మైసూరు లెక్కే, కొంచెం పొడుగు, అంతే. నాయనకు ఈ లెక్క చెప్పినాము. "ఒకసారి బెంగళూరు నుంచి వచ్చినాక హైదరాబాదు నుంచి రాకుండా పోతాదా?" అన్నాడు. ఆ మాట అప్పుడు మాకు అర్థం కాలేదు. ఆయన తన కోసం కాదు, అత్త కొడుకు కోసం చూస్తా ఉండె.

2016 జూలై 27న ఎయిర్ పెగసస్ మొత్తంగా ఆగిపోయింది. కడపలో మళ్ళీ ఖాళీ రన్‌వే.

ఆ డిసెంబరులో ఒక రాత్రి తొమ్మిదింటికి పక్కింటి వాళ్ళు ఫోను చేసినారు, అత్త పడిపోయింది, మాట లేదు అని. మేము కారు తీసినాము. హైదరాబాదు నుంచి బావ రాత్రి బస్సు పట్టినాడు. మేము మదనపల్లె దాటి రాయచోటి ఘాట్లో ఉండంగా ఇంకో ఫోను వచ్చె. బావ పొద్దున ఏడున్నరకు చేరినాడు. కర్మం అయినాక చిన్నాయన ఎవరినీ ఏమీ అనలేదు, ఇంటి పత్రాలు మాత్రం అడిగి తీసుకున్నాడు. నాయన ఇచ్చేసినాడు.

నాలుగు నెలలకే, 2017 ఏప్రిల్ 27న, సిమ్లా నుంచి ప్రధాని ఉడాన్ పథకం కింద మొదటి విమానాలకు జెండా ఊపినాడు. సిమ్లా–ఢిల్లీ, దానితోనే నాందేడు–హైదరాబాదు, కడప–హైదరాబాదు. కడపకు వచ్చింది హైదరాబాదు కంపెనీ ట్రూజెట్, అదీ ఏటీఆర్ 72తోనే. నాయన ఆ వార్త చూసి లేచి పశువుల కొట్టంలోకి పోయినాడు. నాలుగు నెలలు ముందు వచ్చి ఉంటే అని ఆయన మనసులో ఉంది. మేము ఆ లెక్క కూడా వేసినాము. ఫోను వచ్చింది రాత్రి తొమ్మిదికి. అత్త పోయింది తెల్లారక ముందే. చిన్న ఊరి విమానం పగలు ఒకసారి వచ్చి పోయేది. ఉండినా బావ అందుకోలేడు. ఈ లెక్క నాయనకు ఇంతవరకు చెప్పలేదు. ఇక్కడ చదివితే చదవనీ.

ఉడాన్ ఎట్లా పని చేస్తాదో చెప్పాల, ఎందుకంటే చిన్న విమానాశ్రయాల భవిష్యత్తు అంతా దీని చుట్టే తిరుగుతాది. 2017లో మొదలైనప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకుండా సగం సీట్లు అమ్మాలని పెట్టినారు. దాని వల్ల కంపెనీకి పడే లోటును మూడేళ్ళు ప్రభుత్వం పూడుస్తాది. అందులో కేంద్రం 80 శాతం, రాష్ట్రం 20 శాతం. కేంద్రం వాటాకు డబ్బు పెద్ద ఊళ్ళ మధ్య నడిచే విమానాల మీద పన్ను వేసి తెస్తారు. అంటే ఢిల్లీ–ముంబై ఎక్కే మనిషి కడప టికెట్లో కొంచెం కడతాడన్నమాట. ఆ దారిలో మూడేళ్ళు ఇంకో కంపెనీ రాదు. దిగినందుకు, ఆగినందుకు ఛార్జీ లేదు. నూనె మీద రాష్ట్రం పన్ను ఒక శాతమే. పోలీసు కాపలా, అగ్నిమాపకం రాష్ట్రమే చూసుకోవాల. వాయుదూత్ లాగా తోచిన ఊరికి పంపడం కాదు, కంపెనీయే దారి ఎంచుకుని వేలంలో అడగాల. ఆలోచన మంచిదే. ఇబ్బంది ఎక్కడంటే నాలుగో ఏడు.

కాగ్ 2023లో ఉడాన్ మీద ఒక నివేదిక ఇచ్చింది. మొత్తం 774 దారులు కేటాయిస్తే 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళు నిండినవి 112. సాయం ఆగినాక కూడా నడిచినవి, 2023 మార్చి నాటికి, 54. మా ఆఫీసులో ఒక లోపం బాగు చేసినామని మూసేసినాక అది మళ్ళీ తలెత్తితే 'రీఓపెన్' అని రాస్తాము. ఒకే టికెట్ నాలుగు సార్లు రీఓపెన్ అయితే మేనేజరు పిలిచి, పైపైన అతుకు వేస్తా ఉన్నారా, మూలం చూసినారా అని అడుగుతాడు. చిన్న విమానాశ్రయాలను ఎవరూ అట్లా పిలిచి అడగరు. ప్రతి సారీ రిబ్బను కత్తిరిస్తారు.

అయితే కడప మైసూరు కాదు. హైదరాబాదుకు రోడ్డున 400 కిలోమీటర్ల పైన, రాత్రంతా బస్సు. విమానంలో ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి ఐదు గంటలు పట్టదు. విజయవాడ ఇంకా కష్టమైన ప్రయాణం, రోడ్డున గానీ రైలులో గానీ ఒక రోజు పోతాది. రాజధాని ఆ పక్కకు మారినాక ఆఫీసు పని మీద పోయే వాళ్ళు పెరిగినారు. ట్రూజెట్ హైదరాబాదుతో ఆగకుండా చెన్నైకీ విజయవాడకూ కూడా నడిపింది. ప్రొద్దుటూరు బంగారం, బట్టల వ్యాపారులకు చెన్నై కావాల. నాయన మొదటి సారి ఎక్కింది బెంగళూరు విమానం, కానీ కడపకు పనికొచ్చేది మిగతా మూడు దిక్కులు. 2015లో తొలి అడుగే తప్పు దారిలో వేసినారని మా అభిప్రాయం. బెంగళూరు దగ్గర, రోడ్డు బాగుంది, ఎవరు ఎక్కుతారు?

ఇంకో సంగతి అందరూ మరిచిపోతారు. కడప, రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ పోయిన వాళ్ళు ఇంటికొకరు ఉంటారు. ఇంత మంది విమానమెక్కే జిల్లాలో విమానాశ్రయానికి గిరాకీ లేదంటే వినడానికి వింత. కానీ ఆ మనిషి రెండేళ్ళకు ఒకసారి వస్తాడు, వచ్చేటప్పుడు పెద్ద పెద్ద పెట్టెలు ఉంటాయి. దేశం లోపలి విమానంలో చెక్-ఇన్ సామాను 15 కిలోలు. అందుకే చెన్నైలోనో బెంగళూరులోనో దిగి, ఇంటి వాళ్ళంతా పోయి తెచ్చే కారులో ఊరు చేరతాడు. ఒకే టికెట్లో కువైట్ నుంచి కడప దాకా పెట్టెలు వచ్చే ఏర్పాటు చేసిన కంపెనీకి ఈ గిరాకీ దక్కుతాది. అది చేసే వరకు వీళ్ళను లెక్కలో చూపించి ఊరు మురిసిపోవడమే.

ట్రూజెట్ ఉన్నప్పుడు మా ఇంటి జగడం చల్లారింది. 2017 డిసెంబరులో అత్త సంవత్సరీకానికి బావ, అక్క, పిల్లలు హైదరాబాదు నుంచి పొద్దున విమానంలో వచ్చినారు. పదకొండింటికి ఇంట్లో ఉన్నారు. చిన్నాయన పిల్లలను చూసి, పత్రాలు ఉన్న సంచి బీరువాలో పెట్టి తాళం వేసినాడు. తరువాత కరోనా. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలోనే విమానం లేదు. ఆ దెబ్బకు ట్రూజెట్ చిక్కిపోయి, 2022 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగింది. సంచి మళ్ళీ బయటికి వచ్చె. ఈసారి కడపలో ఒక బేరం కూడా కుదిరే దాకా పోయింది.

2022 మార్చి 27న ఇండిగో వచ్చింది, చెన్నై, విజయవాడలతో మొదలు పెట్టి. ఇండిగో దిగడం వేరే రకం సంగతి అని మేము అనుకుంటాము. ముందు వచ్చిన రెండు కంపెనీల విమానాలు వేళ్ళ మీద లెక్క పెట్టేంత. ఒకటి చెడితే ఆ రోజుకు కడప లేదు. దీని దగ్గర ఏటీఆర్‌లే పదుల్లో ఉన్నాయి, చెన్నైలో హైదరాబాదులో దిగి అదే కంపెనీ విమానం ఎక్కి ఎక్కడికైనా పోవచ్చు. ఇది చిన్న ఊరికి ముఖ్యం. కడప మనిషి కడప–హైదరాబాదు మాత్రమే కొనడు, కడప–ఢిల్లీ కొంటాడు. ఇంకో పక్క చూస్తే, పెద్ద కంపెనీకి కడప ఒక చిన్న గీత. లెక్క కుదరకపోతే ఆ విమానాన్ని పెకిలించి ఇంకో ఊరికి పంపడానికి ఒక్క సీజను చాలు.

2024 మార్చి 10న కడపకు 266 కోట్లతో ఇంకో కొత్త టెర్మినల్‌కు ప్రధాని దూరం నుంచే శంకుస్థాపన చేసినాడు. అదే రోజు హుబ్బళ్ళి, బెళగావి టెర్మినళ్ళకు కూడా. కన్నడ చానల్లో ఆ రెండే చెప్పినారు, కడప పేరు తెలుగు చానలు పెడితే వినబడింది. కొత్త టెర్మినల్ మంచిదే. అయితే మాకు కావాల్సింది వేరే. వారంలో కొన్ని రోజులు కాకుండా రోజూ ఒకే వేళకు విమానం రావాల. పొద్దున పోయి సాయంత్రం తిరిగి వచ్చే వీలుండాల, దానికి చీకటి పడినాక దిగే వసతి కావాల. విమానాశ్రయం గేటు నుంచి ఊరికి బస్సు ఉండాల. టైము నమ్మకం లేని బస్సుకు పల్లెలో ఎవరూ ఎదురు చూడరు, విమానమైనా అంతే. మూడు నెలలకు ఒకసారి మారే టైము టేబులును నమ్మి ఎవరూ పెళ్ళి ముహూర్తం పెట్టుకోరు, ఆపరేషన్ తేదీ పెట్టుకోరు. ఆ నమ్మకం కలగడానికి ఐదారేళ్ళు ఆగకుండా నడవాల. కడపకు ఇంతవరకు అంత వ్యవధి దొరకలేదు.

ఇంటి సంగతి అడిగిన వాళ్ళకు. బేరం మేమే వద్దనుకున్నాము. ఉగాదికి సున్నం కొట్టించి, వంటింట్లో పగిలిన కడప బండలు రెండు మార్పించినాము. కొత్త తాళం వేసి చెవులు మూడు చేయించినాము. ఒకటి కురుడుమలెలో, ఒకటి హైదరాబాదులో బావ దగ్గర, ఒకటి పక్కింటి వాళ్ళ దగ్గర ఉంది. చిన్నాయనకు ఒకటి చేయించబోతే, "నాకెందుకురా, నేను కారులో వస్తాను, మీ నాయనతోనే" అన్నాడు. పత్రాల సంచి మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది.